టారో పఠనంలో జంట కార్డుల అన్వయం

టారో పఠనంలో జంట కార్డుల అన్వయం అనగా టారో కట్ట నుండి తీసిన రెండు కార్డులను విడివిడిగా కాక, ఒకదానితో మరొకదానిని ముడిపెట్టి అర్థం చెప్పే పద్ధతి. ఒక్కొక్క కార్డుకు గ్రంథాలలో చెప్పిన అర్థాలను తెలుసుకోవడం ఈ అభ్యాసంలో తొలిమెట్టు. పక్కపక్కన పడిన కార్డుల మధ్య సంబంధాన్ని చదవడం రెండవ మెట్టు. కట్టలో 78 కార్డులు ఉంటాయి కనుక వాటితో 3003 వేర్వేరు జంటలు ఏర్పడతాయి. ఇన్నింటికీ అర్థాలు వల్లె వేయడం సాధ్యమయ్యే పని కాదు. అందువలన గత రెండున్నర శతాబ్దాలలో వివిధ సంప్రదాయాలవారు జంటలను చదవడానికి కొన్ని నియమాలను ఏర్పరచుకున్నారు. ఈ నియమాలు అన్నీ ఒకదానితో ఒకటి పొసగవు. ఒకే జంటకు ఒక సంప్రదాయంలో మంచిని, మరొక సంప్రదాయంలో చెడును చెప్పవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

టారో కార్డులు భవిష్యత్తును చెప్పగలవు అనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అయితే రెండు బొమ్మల నుండి కథ ఎలా పుడుతుంది, ఆ కథను విన్న మనిషి దానిని తన జీవితానికి ఎలా అన్వయించుకుంటాడు అనే విషయాలను అర్థం చేసుకోవడానికి ఈ పద్ధతి పనికివస్తుంది.

కట్ట స్వరూపం

టారో కట్టలో మేజర్ ఆర్కానా అనే 22 కార్డులు, మైనర్ ఆర్కానా అనే 56 కార్డులు ఉంటాయి. మేజర్ కార్డులకు ఫూల్ (వెర్రివాడు), లవర్స్ (ప్రేమికులు), డెత్ (మృత్యువు), డెవిల్ (సైతాను), టవర్ (బురుజు), స్టార్ (నక్షత్రం), మూన్ (చంద్రుడు) వంటి పేర్లు ఉంటాయి. మైనర్ కార్డులు పేకముక్కల వలెనే నాలుగు రంగులుగా ఉంటాయి. అవి కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలు. ఒక్కొక్క రంగులో ఆసు నుండి పది వరకు అంకె కార్డులు, బంటు, రౌతు, రాణి, రాజు అనే నాలుగు బొమ్మ కార్డులు కలిపి 14 ఉంటాయి. తెలుగు పేకాటలో "ఇస్పేటు ఆసు", "కళావరు రాజు" అన్నట్లుగానే ఈ వ్యాసంలో "కప్పుల రెండు", "కత్తుల పది" అని వ్యవహరించడం జరిగింది. మన ఇస్పేటుకు మూలమైన ఐరోపా పదానికి అర్థం కత్తి. అలాగే తురుపు అనే మాట, మేజర్ కార్డుల పాత పేరైన "త్రియోన్ఫీ" ఒకే కుటుంబానికి చెందినవి. ఈ రెండు మాటల ద్వారా టారోకు, మన పేకాటకు దూరపు చుట్టరికం ఉన్నది.

కార్డులు చెప్పించుకునే వ్యక్తిని ఈ వ్యాసంలో పృచ్ఛకుడు అని, కార్డులను బల్లపై అమర్చే విధానాన్ని పేర్పు అని పేర్కొనడమైనది.

చరిత్ర

టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. ఫ్లోరెన్స్‌లో 1440 నాటి ఒక దినచర్య పుస్తకంలో ఈ కార్డుల ప్రస్తావన ఉన్నది. మిలాన్ ప్రభువుల కోసం సుమారు 1450 ప్రాంతంలో చేతితో చిత్రించిన విస్కాంటి-స్ఫోర్జా కార్డులు నేటికీ చాలావరకు నిలిచి ఉన్నాయి. ఆ ఆటలో మామూలు రంగుకు చెందిన రాజు ఎంత పెద్దదైనా తురుపు ముందు ఓడిపోతుంది. అంటే ఒక ముక్క విలువ దానితోపాటు బల్లపై పడిన ముక్కలను బట్టి తేలుతుంది. జోస్యం సంగతి ఎవరికీ తట్టకముందే, కార్డుల బలం పొరుగు కార్డులను బట్టి ఉంటుందనే ఊహ ఆటలోనే ఉన్నదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

1781లో ఫ్రెంచి పండితుడు కూర్ ద జెబెలాన్ టారో ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమని ప్రకటించాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియన్ ఛేదించినది 1822లో. అంటే ఆ లిపిలో ఒక్క అక్షరం కూడా చదవలేని కాలంలో చేసిన ఊహ ఇది. ఆధారం లేకపోయినా ఈ ఊహకు విశేషమైన ప్రచారం లభించింది. దార్శనికుడు మైకేల్ డమ్మెట్ 1980లో వెలువరించిన గ్రంథంలో టారో మొదట ఆట మాత్రమేనని సవివరంగా నిరూపించాడు.

జంటలకు, గుంపులకు అర్థం చెప్పే అలవాటును ప్రచారంలోకి తెచ్చినవాడు పారిస్‌కు చెందిన జాఁ బాప్తిస్త్ అలియెత్. తన ఇంటిపేరులోని అక్షరాలను తిరగవేసి ఎతేయా అనే పేరు పెట్టుకున్నాడు. ఇతడు 1770లో 32 ముక్కల మామూలు పేకతో జోస్యం చెప్పే విధానంపై ఒక పుస్తకం, 1785 నుండి టారోపై పుస్తకాలు ప్రచురించాడు. 1789 ప్రాంతంలో ఇతడు వేయించిన కట్ట కేవలం జోస్యం కోసమే తయారైన తొలి టారో కట్టగా ప్రసిద్ధికెక్కింది. కార్డుకు రెండు కొసలలోను అర్థాలు అచ్చువేసి, కార్డు నిలువుగా పడితే ఒక అర్థం, తలకిందులుగా పడితే మరొక అర్థం చెప్పే పద్ధతిని ఇతడే స్థిరపరచాడు.

ఈ ఫ్రెంచి సంప్రదాయంలో ఒకే హోదా గల కార్డులు రెండు, మూడు లేక నాలుగు కలిసి వస్తే వాటికి ప్రత్యేకార్థాలు ఉండేవి. ఆ జాబితా చేతులు మారి ఆంగ్ల రచయిత ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ 1911లో ప్రచురించిన సచిత్ర గ్రంథంలో కూడా చేరింది. దాని ప్రకారం నాలుగు రాజులు గొప్ప గౌరవాన్ని, మూడు రాజులు సంప్రదింపులను, రెండు రాజులు చిన్న సలహాను సూచిస్తాయి. రెండు రాణులు కలిస్తే నిజమైన స్నేహితులు. మూడు కలిస్తే స్త్రీల వలన మోసం. రెండు ఆసులు వస్తే మాయ, నాలుగు వస్తే అదృష్టం. నాలుగు బంట్లు వస్తే ప్రమాదకరమైన జబ్బు. రెండవ రాణి వరకు స్నేహంగా ఉన్నది మూడవ రాణితో మోసంగా ఎందుకు మారుతుందో జాబితాలో వివరణ లేదు. కార్డుల స్వభావం కంటే ఆనాటి సమాజపు అభిప్రాయాలే ఇందులో ఎక్కువగా కనిపిస్తాయి.

1888లో లండన్‌లో ఏర్పడిన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం ఇందుకు భిన్నమైన మార్గాన్ని అనుసరించింది. జాబితాను పక్కన పెట్టి ఒక సూత్రాన్ని ప్రతిపాదించింది. కర్రలు అగ్ని, కప్పులు జలం, కత్తులు వాయువు, నాణేలు భూమి. అగ్నికి జలానికి పడదు. వాయువుకు భూమికి పడదు. మిగిలిన కలయికలు మిత్రత్వం కలవి. ఒకే రంగు కార్డులు పక్కపక్కన పడితే మంచి అయినా చెడు అయినా తీవ్రమవుతుంది. శత్రు కార్డులు పక్కన చేరితే రెండూ బలహీనపడతాయి. మేజర్ కార్డులకు కూడా భూతాలు, గ్రహాలు, రాశులతో సంబంధం కల్పించి ఈ లెక్కలోకి తెచ్చారు. ఈ సంఘంవారు తలకిందుల అర్థాలను పాటించలేదు. కార్డు మంచిగా పలుకుతుందా చెడుగా పలుకుతుందా అనేది పొరుగు కార్డులే నిర్ణయిస్తాయని వారి సిద్ధాంతం. జ్యోతిషంలో గ్రహమైత్రి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ ఊహ కొత్తగా తోచదు. ఈ రెండింటికీ చారిత్రక సంబంధం ఉన్నదని మాత్రం భావించరాదు.

ఇదే సంఘపు పెద్ద పఠన విధానంలో కార్డులను గుర్రపు లాడం ఆకారంలో పరచి, ఒక కొస కార్డును రెండవ కొస కార్డుతోను, ఆ పక్కదానిని అటునుండి రెండవదానితోను జతచేస్తూ లోపలికి వచ్చేవారు. పక్కపక్కన లేని కార్డులను కూడా ఉద్దేశపూర్వకంగా జంటలుగా చదివే పద్ధతి ఇది. సంఘపు పాఠాలను ఇజ్రాయెల్ రెగార్డీ 1937 నుండి 1940 వరకు నాలుగు సంపుటాలుగా ప్రచురించడంతో ఈ విధానం బయటివారికి వివరంగా అందుబాటులోకి వచ్చింది.

వెయిట్, పమేలా కోల్మన్ స్మిత్ ఇద్దరూ ఈ సంఘంలో సభ్యులే. వెయిట్ సూచనలపై స్మిత్ గీసిన కట్ట 1909 డిసెంబరులో లండన్‌లోని రైడర్ సంస్థ ద్వారా వెలువడింది. చాలాకాలం ఇది రైడర్-వెయిట్ కట్ట అనే పేరుతోనే చలామణి అయింది. చిత్రకారిణికి దక్కవలసిన గుర్తింపు కోసం ఇటీవల చాలామంది దీనిని వెయిట్-స్మిత్ కట్ట అంటున్నారు. అంతకు ముందరి చాలా కట్టలలో కప్పుల ఏడు అంటే ఏడు కప్పుల అలంకరణ మాత్రమే. స్మిత్ అంకె కార్డులన్నింటిలోను సన్నివేశాలు చిత్రించింది. ఇటలీలో సుమారు 1491 నాటి సోలా బుస్కా కట్ట ఇందుకు పూర్వోదాహరణ. మూడు కత్తులు దిగిన గుండె బొమ్మ అందులోనూ ఉన్నది. స్మిత్ బొమ్మలు వచ్చిన తరువాత జంటలను చదవడం స్వరూపమే మారిపోయింది. అంతకు ముందు రెండు అంకెలు పక్కపక్కన పడేవి. ఇప్పుడు రెండు సన్నివేశాలు పక్కపక్కన పడుతున్నాయి. సన్నివేశాలు పక్కన చేరితే వాటి మధ్య కథను ఊహించకుండా ఉండడం మనిషికి కష్టం. సినిమా విద్యార్థులకు తెలిసిన కులెషోవ్ ప్రయోగంలో ఒకే ముఖం పక్కన సూపు గిన్నె చూపితే ఆకలిగాను, శవపేటిక చూపితే దుఃఖంగాను తోచడం ఇటువంటిదే.

జంటను చదివే విధానాలు

రెండు కార్డులు కలవడం రెండు పదాలు సమాసం కావడం వంటిది. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఈ పోలిక సులభంగా బోధపడుతుంది. కొన్ని జంటలు ద్వంద్వ సమాసం వంటివి. తల్లిదండ్రులు అన్నట్లు రెండింటికీ సమాన ప్రాధాన్యం. కప్పుల రాణి, నాణేల రాజు పక్కపక్కన పడితే ఇద్దరు వ్యక్తులుగా చదవడం ఇందుకు ఉదాహరణ. కొన్ని కర్మధారయం వంటివి. నల్లకలువలో నలుపు కలువను విశేషించినట్లు ఒక కార్డు మరొకదాని గుణాన్ని చెబుతుంది. మేజర్ కార్డు, మైనర్ కార్డు కలిసినపుడు మేజర్ కార్డును ప్రధాన విషయంగాను, మైనర్ కార్డును అది ఏ రంగంలో, ఏ రూపంలో కనబడుతుందో చెప్పేదిగాను తీసుకోవడం వాడుక. మూడవ రకం బహువ్రీహి వంటిది. ముక్కంటి అన్నపుడు మూడు, కన్ను అనే రెండు మాటలలోను లేని శివుడు స్ఫురించినట్లు, రెండు కార్డులలో దేనిలోను లేని మూడవ అర్థం జంట నుండి పుడుతుంది. నేర్పరులైన పఠనకర్తలు అని పేరు పొందినవారి ప్రతిభ ఈ మూడవ రకంలోనే కనిపిస్తుంది. అసలు చిక్కు కూడా అక్కడే ఉన్నది, ఎందుకనగా ఆ మూడవ అర్థాన్ని సరిచూసుకోవడానికి ఏ గ్రంథమూ ఉండదు.

కార్డుల వరుస ముఖ్యమైనది. ఎడమ కార్డును కారణంగాను కుడి కార్డును ఫలితంగాను, లేదా ముందు జరిగేదిగాను తరువాత జరిగేదిగాను చదవడం ఎక్కువమంది పాటించే నియమం. నాణేల ఐదులో ఇద్దరు పేదలు మంచులో, వెలుగుతున్న గాజు కిటికీ పక్క నుండి నడిచిపోతుంటారు. నాణేల ఆరులో ఒక ధనవంతుడు చేత త్రాసు పట్టుకుని, మోకరిల్లిన ఇద్దరికి నాణేలు వేస్తుంటాడు. ఐదు తరువాత ఆరు వస్తే ఇబ్బందిలో సాయం అందుతుందని చెబుతారు. ఆరు తరువాత ఐదు వస్తే అందుతున్న సాయం ఆగిపోతుందని, లేదా ఇచ్చినవాడే ఇబ్బందిలో పడతాడని చెబుతారు. ఇంతకూ పృచ్ఛకుడు త్రాసు పట్టుకున్నవాడా, చేయి చాచినవాడా అనేది కార్డులు చెప్పవు, అడిగి తెలుసుకోవలసినదే.

బొమ్మలోని మనుషులు ఎటు చూస్తున్నారు అనేది మరొక ఆధారం. వెయిట్-స్మిత్ కట్టలో కప్పుల రౌతు కుడివైపుకు, కత్తుల రౌతు ఎడమవైపుకు సాగుతుంటారు. కప్పుల రౌతు ఎడమన, కత్తుల రౌతు కుడిన పడితే ఇద్దరూ ఎదురెదురవుతారు. తారుమారైతే ఒకరికొకరు వీపు చూపుతారు. మొదటిదానిని తలపడటంగాను, రెండవదానిని ఎడబాటుగాను చెప్పడం వాడుక. బొమ్మలలో మళ్ళీ మళ్ళీ వచ్చే వస్తువులను కూడా గమనిస్తారు. మెజీషియన్ తలపైన, స్ట్రెంగ్త్ కార్డులోని స్త్రీ తలపైన అడ్డం పడిన ఎనిమిది వంటి గుర్తు ఉంటుంది. నాణేల రెండులో రెండు నాణేలను చుట్టిన పట్టీ కూడా అదే ఆకారంలో ఉంటుంది. డెత్ కార్డులో దూరాన కనిపించే జంట బురుజులు మూన్ కార్డులోనూ ఉన్నాయి.

అంకెల సామ్యం కూడా పరిగణిస్తారు. వెయిట్-స్మిత్ కట్టలో ఐదు అంకె గల కార్డులన్నీ కలహాన్నో నష్టాన్నో చూపుతాయి. కనుక రెండు ఐదులు కలిస్తే నష్టం ముదిరినట్లు చెప్పడం నేటి వాడుక. వెయిట్ ఎత్తిరాసిన పాత జాబితాలో రెండు ఐదులకు జాగరణ అని, నాలుగు ఐదులకు క్రమబద్ధత అని ఉన్నది. బొమ్మలు గీయక ముందరి సంప్రదాయం, బొమ్మలు వచ్చిన తరువాతి సంప్రదాయం ఒకే పుస్తకంలో సర్దుబాటు లేకుండా చేరిపోయాయి అనడానికి ఇది నిదర్శనం.

సెల్టిక్ క్రాస్ అనే పది కార్డుల పేర్పు వెయిట్ గ్రంథం ద్వారానే ప్రసిద్ధమైనది. ఇందులో మొదటి కార్డు పృచ్ఛకుని పరిస్థితిని, దానిపై అడ్డంగా ఉంచే రెండవ కార్డు ఎదురయ్యే ఆటంకాన్ని సూచిస్తాయి. మంచి కార్డు అడ్డంగా పడితే ఏమి చెప్పాలి అనే ప్రశ్నకు వెయిట్ రెండు సమాధానాలు ఇచ్చాడు: ఆటంకం పెద్దది కాదని ఒకటి, మంచిదే అయినా ఈ విషయంలో మేలు చేయదని మరొకటి. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో ఆయన చెప్పలేదు.

కొన్ని ప్రసిద్ధ జంటలు

లవర్స్, డెవిల్: ఈ రెండు కార్డులను స్మిత్ ఒకదానికొకటి ప్రతిబింబంగా చిత్రించింది. లవర్స్ కార్డులో దేవదూత కింద వివస్త్రలైన స్త్రీపురుషులు నిలబడి ఉంటారు. డెవిల్ కార్డులో అదే అమరికలో, సైతాను కింద, మెడలో గొలుసులతో ఇద్దరు ఉంటారు. గొలుసులు వదులుగా ఉండటం గమనింపదగినది. మొదటిదాని సంఖ్య 6, రెండవదానిది 15. 15 లోని అంకెలు కూడితే 6 వస్తుంది. అనురాగం బంధనంగా మారడం అని ఎక్కువమంది చెబుతారు. డెవిల్ ముందు పడి లవర్స్ తరువాత పడితే బంధనాన్ని గుర్తించి, తెలిసి ఎంచుకోవడం అని చెప్పేవారూ ఉన్నారు.

కప్పుల రెండు, కర్రల నాలుగు: మొదటిదానిలో స్త్రీపురుషులు పాత్రలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడి ఉంటారు. రెండవదానిలో నాలుగు కర్రలకు పూలదండ కట్టి ఉంటుంది. వెనుక ఉత్సవం జరుగుతుంటుంది. బొమ్మలను చూసి చదివేవారు దీనిని పెళ్ళి జంట అంటారు. గోల్డెన్ డాన్ సూత్రం ప్రకారం కప్పులు జలం, కర్రలు అగ్ని. ఇవి శత్రువులు కనుక రెండు శుభాలూ బలహీనపడాలి. పెళ్ళి సంబంధం గురించి అడిగిన మనిషికి ఒకరు అవునని, మరొకరు అనుమానమని చెబుతారు. ఇద్దరూ తమ తమ శాస్త్రం ప్రకారం సరిగానే చెప్పినవారవుతారు.

టవర్, స్టార్: మేజర్ వరుసలో ఇవి 16, 17 సంఖ్యలు. పిడుగు పడి కూలుతున్న బురుజు తరువాత, మడుగు ఒడ్డున మోకరిల్లి రెండు కూజాలతో నీరు పోస్తున్న స్త్రీ. సహజ క్రమంలో పడినపుడు ఉపద్రవం తరువాత ఊరట అని ఏకాభిప్రాయం. తిరగబడి పడినపుడు మాత్రం అభిప్రాయాలు చీలిపోతాయి.

డెత్, కత్తుల పది: అభ్యాసకులను, పృచ్ఛకులను ఎక్కువగా భయపెట్టేది ఈ జంట. ఒకదానిలో తెల్ల గుర్రంపై కవచం తొడిగిన అస్థిపంజరం, రెండవదానిలో వీపున పది కత్తులు దిగి బోర్లా పడి ఉన్న మనిషి. అయితే మొదటిదానిలో బురుజుల నడుమ సూర్యుడు ఉన్నాడు. రెండవదానిలో నల్లని ఆకాశం అంచున పసుపుపచ్చని వెలుగు ఉన్నది. ఒక దశ ముగిసి మరొకటి మొదలవుతుందని చెప్పడమే నేటి గ్రంథాలలో సర్వసాధారణం. ఇంటిలో రోగి ఉన్న వ్యక్తికి ఈ జంటను చూపి మరణం అని చెప్పడం వలన కలిగే భయం చాలాకాలం వదలదు. అందువలన బాధ్యత తెలిసినవారు ఆరోగ్యం, మరణం గురించిన ప్రశ్నలకు కార్డులు తీయరు; వైద్యుని వద్దకు పంపుతారు. వెయిట్ జాబితాలో నాలుగు బంట్లకు చెప్పిన జబ్బును నేటివారు పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చును.

లెనోర్మా కార్డులతో పోలిక

జంటలను చదవడం టారోలో ఐచ్ఛికం. లెనోర్మా కార్డులలో అది తప్పనిసరి. 36 కార్డుల ఈ కట్టకు ఫ్రెంచి జోస్యురాలు మరీ ఆన్ లెనోర్మా (1772-1843) పేరు ఆమె మరణానంతరం పెట్టబడినది. దీని మూలం సుమారు 1799లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో వెలువడిన ఒక ఇంటి ఆట. ఓడ, ఇల్లు, ఉంగరం, ఉత్తరం, మేఘాలు వంటి చిన్న బొమ్మలు ఇందులో ఉంటాయి. ఒంటి కార్డుకు స్వల్పార్థమే ఉంటుంది. మొదటి కార్డు నామవాచకం, రెండవది దానికి విశేషణం అని బోధిస్తారు. ఉంగరం తరువాత మేఘాలు పడితే అనిశ్చితమైన ఒప్పందం. మేఘాల తరువాత ఉంగరం పడితే ఒప్పందం కారణంగా పుట్టిన గందరగోళం. విశేషణం నామవాచకం తరువాత రావడం ఫ్రెంచి భాషకు సహజం. తెలుగులో విశేషణం ముందే వస్తుంది కనుక తెలుగువారు ఈ జంటలను చదివేటపుడు అలవాటు కొద్దీ వరుసను తారుమారు చేసే ప్రమాదం ఉన్నది.

గణితం

78 కార్డుల నుండి రెండింటిని 3003 విధాలుగా ఎంచవచ్చు. వరుసను లెక్కిస్తే 6006. తలకిందులను కూడా లెక్కిస్తే 24,024 అవుతాయి. 3003 గణితంలో పేరున్న సంఖ్య. పాస్కల్ త్రిభుజంలో ఇది ఎనిమిది చోట్ల కనిపిస్తుంది. ఒకటి అనే అంకెను మినహాయిస్తే ఇంతకంటే ఎక్కువసార్లు వచ్చే సంఖ్య ఇంతవరకు కనుగొనబడలేదు.

రెండు కార్డులు తీసినపుడు రెండూ మేజర్ కార్డులు అయ్యే సంభావ్యత సరిగా 13లో 1 వంతు. రెండూ ఒకే రంగు మైనర్ కార్డులు అయ్యే సంభావ్యత సుమారు 12 శాతం, ఒకే హోదా గల కార్డులు అయ్యేది సుమారు 2.8 శాతం. ఈ చివరి సంఖ్య చిన్నదిగా కనిపించినా పది కార్డుల పేర్పులో 45 జంటలు ఉంటాయి. కనుక అటువంటి పేర్పులో ఒకే హోదా గల జంటలు సగటున ఒకటికి పైగానే (సుమారు 1.26) తారసపడతాయి. రెండు రాజులో, రెండు ఏడులో కనబడినపుడు పఠనకర్త ఆశ్చర్యం ప్రకటించడం పరిపాటి. లెక్క ప్రకారం చూస్తే అటువంటి జంట పడటం కంటే అసలు పడకపోవడమే గమనింపదగిన విషయం.

విమర్శ

1948లో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బెర్ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు వారి వారి వ్యక్తిత్వ వర్ణన అని చెప్పి ఒక కాగితం ఇచ్చాడు. నిజానికి అందరికీ ఇచ్చినది ఒకే వర్ణన. అందులోని వాక్యాలను జ్యోతిష పుస్తకం నుండి తీసుకున్నాడు. ఆ వర్ణన తమకు ఎంత సరిపోయిందో చెప్పమనగా విద్యార్థులు 5కు సగటున 4కు పైగా ఇచ్చారు. ఈ ఫలితాలు 1949లో ప్రచురితమైనాయి. టారోపై వచ్చే విమర్శలలో ఈ ప్రయోగం తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

జంటల విషయంలో విమర్శ మరింత పదునైనది. ఒక కార్డుకు ఐదు అర్థాలు ఉన్నాయనుకుంటే రెండు కార్డులకు 25 కలయికలు వస్తాయి. ఎడమ నుండి చదవవచ్చు, కుడి నుండి చదవవచ్చు అంటే అవి 50 అవుతాయి. బొమ్మల చూపు, అంకెల సామ్యం, భూతాల మైత్రి వంటి నియమాలలో దేనినైనా అప్పటికప్పుడు ఎంచుకోవచ్చు అంటే జరిగిన ఏ సంఘటనకైనా సరిపోయే అర్థం ఏదో ఒకటి దొరుకుతుంది. జంటను కలిపి చదివితే ఒంటి కార్డు కంటే స్పష్టత వస్తుందని పఠనకర్తలు చెబుతారు. కథలో స్పష్టత వచ్చే మాట నిజమే గాని, ఎంచుకునే స్వేచ్ఛ కూడా అంతకు అనేక రెట్లు పెరుగుతుంది. ఏ నియమంతో చదవబోతున్నదీ కార్డులు తిప్పక ముందే నిర్ణయించుకుని పృచ్ఛకునికి చెప్పడం ఒక్కటే దీనికి కొంత విరుగుడు. బాకీల గురించో, పిల్లల చదువు గురించో, విడాకుల గురించో ఆందోళనతో వచ్చిన మనిషి ఎదుట ఈ నిజాయితీ మరీ అవసరం.

కార్డులను భవిష్యవాణిగా కాక, ఆలోచనకు ఊతంగా వాడేవారి ధోరణి 1980ల నుండి బలపడింది. రేచెల్ పొల్లాక్, మేరీ గ్రీర్ రచనలు ఇందుకు తోడ్పడ్డాయి. ఈ ధోరణిలో జంటను చూపి అర్థం చెప్పడానికి బదులు, రెండు బొమ్మల మధ్య ఏమి జరిగి ఉంటుందని పృచ్ఛకుని అడుగుతారు. ఎవరి కథ వారే చెప్పుకుంటారు కనుక పై విమర్శ దీనికి అంతగా వర్తించదు.

సాహిత్యంలో

ఇటలీ రచయిత ఇటాలో కాల్వినో "విధులు కలిసే కోట" అనే అర్థం గల శీర్షికతో రాసిన నవలలో మాట పోగొట్టుకున్న బాటసారులు టారో కార్డులను బల్లపై పేర్చి తమ కథలు చెప్పుకుంటారు. దీని మొదటి భాగం 1969లో విస్కాంటి కార్డులపై వచ్చిన చిత్రసంపుటంలోను, పూర్తి రూపం 1973లోను వెలువడినాయి. ఒకరు పేర్చిన కార్డులకు అడ్డంగా మరొకరు తమ వరుసను కలుపుతారు. ఒకే కార్డు ఒక కథలో ఒక విధంగాను, దానిని దాటిపోయే మరొక కథలో వేరే విధంగాను పలుకుతుంది. పొరుగు కార్డు మారితే అర్థం మారుతుందనే సూత్రాన్ని జోస్యంతో నిమిత్తం లేకుండా చూపిన రచనగా దీనికి ప్రాముఖ్యం ఉన్నది.

తెలుగునాట

తెలుగు ప్రాంతాలలో చిరకాలంగా ఉన్న చిలక జోస్యంలో పంజరం నుండి బయటకు వచ్చిన చిలక సాధారణంగా ఒక కార్డునే తీస్తుంది. ఆ కార్డులోని దేవతా చిత్రాన్ని బట్టి జోస్యుడు ఫలం చెబుతాడు. కనుక అందులో జంటల ప్రసక్తి రాదు. టారో కార్డులు హైదరాబాదు వంటి నగరాలలో ఇటీవలి దశాబ్దాలలోనే వాడుకలోకి వచ్చాయి. ఇక్కడి పఠనకర్తలలో చాలామంది వెయిట్-స్మిత్ కట్టను, లేదా దాని అనుకరణలను వాడుతూ కార్డుల ఆంగ్ల నామాలనే ఉంచి వ్యాఖ్యానాన్ని తెలుగులో చెబుతారు.